మనోళ్లు వ్యాపారమంటే వెనక్కి తగ్గేది సంస్కృతి వల్లేనా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

ఒక లెక్క నాకు కుదరడం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి. దేశాల సంస్కృతులకు గీర్ట్ హాఫ్‌స్టెడ్ అనే డచ్చి పరిశోధకుడు వేసిన మార్కుల గురించి ఎంబీఏలో చదివాం. అందులో ఒకటి, రేపు ఏం జరుగుతుందో తెలియనప్పుడు జనానికి ఉండే బెరుకు. మార్కు పెరిగేకొద్దీ బెరుకు ఎక్కువన్నమాట. జపాన్‌కు 92, అమెరికాకు 46, మనకు 40. అంటే కాగితం మీద మనం అమెరికావాళ్లకంటే ధైర్యవంతులం.

ఇంట్లో చూస్తే వేరే కథ. బెంగళూరు ఉద్యోగం మానేసి పత్తికొండ దగ్గర చెక్కగానుగ పెడతాను, వేరుశనగ నూనె తీసి అమ్ముతాను అంటే మా నాన్న మాట్లాడటం మానేశాడు. మామ ఫోన్ చేసి "నెలనెలా జీతం పడుతుంటే గానుగేందిరా" అన్నాడు. మన సంస్కృతే వ్యాపారానికి అడ్డమని అందరూ అంటారు కదా, మరి ఈ 40 మార్కులు ఎవరికి వేసినట్టు? యూట్యూబ్ ఉపన్యాసాల లింకులు వద్దు. మన జిల్లాల్లో కళ్లారా చూసింది చెప్పండి.

నాపరాయి (బేతంచర్ల)

సంస్కృతి, గింస్కృతి ఏమీ లేదు తమ్ముడూ. నాది బండల పాలిష్ ఫ్యాక్టరీ. కరెంటు బిల్లు టైముకు కట్టాలి, కూలీలకు వారం వారం ఇవ్వాలి, లారీ బాడుగ సరుకు ఎత్తినప్పుడే ఇవ్వాలి. మనకు రావాల్సింది మాత్రం నాలుగు నెలలకు వస్తుంది. ఈ మధ్యలో నిలబడగలిగినవాడు వ్యాపారి, నిలబడలేనివాడు మళ్లీ కూలీ. జపాన్ మార్కులు చూసి నా బండలు ఎవరూ కొనరు.

లెక్కల_మాస్టారు (అనంతపురం)

నాపరాయి గారు చెప్పినదానికి తర్వాత వస్తాను. ముందు ఆ మార్కులు ఎక్కడివో చూద్దాం, సగం చిక్కు అక్కడే ఉంది. హాఫ్‌స్టెడ్ ఆధారం ఐబీఎం ఉద్యోగుల సర్వే. 1967 నుంచి 1973 మధ్య చాలా దేశాల్లోని ఆ కంపెనీ శాఖల్లో లక్షకు పైగా ప్రశ్నాపత్రాలు నింపించారు. అందరూ ఒకే కంపెనీవాళ్లు కాబట్టి, తేడా కనిపిస్తే అది దేశానిదే అయి ఉండాలని ఆయన తర్కం. తెలివైన తర్కమే. కానీ ఆ రోజుల్లో మన దేశంలో ఐబీఎం కొలువు చేసేదెవరు? పట్నాల్లో ఇంగ్లీషు చదువులు చదువుకున్న నెలజీతగాళ్లు. 1978లో ఆ కంపెనీయే మన దేశం వదిలి వెళ్లిపోయింది. వాళ్ల జవాబులకు వచ్చిన 40 మార్కును తెచ్చి పత్తికొండ రైతుకు తగిలిస్తే ఎలా కుదురుతుంది?

ఇంకో సంగతి. ఇవి దేశాల సగటులు, ఒక్కో మనిషికి వేసినవి కావు. ఆ హెచ్చరిక హాఫ్‌స్టెడే చేశాడు. ఎంబీఏ క్లాసులో అదొక్కటి వదిలేస్తారు.

బోరుబావి (కదిరి దగ్గర పల్లె)

నాకైతే ఆ 40 కూడా ఎక్కువే అనిపిస్తుంది మాస్టారూ. మన సీమ రైతుకంటే పెద్ద జూదరి ఎవరుంటారు? అనంతపురంలో సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ, అదీ పడితే. ఆ వానను నమ్ముకునే ఏటా అప్పు తెచ్చి వేరుశనగ విత్తుతాం.

బోర్ల సంగతి చూడండి. నీళ్లు చూసే ఆయన వస్తాడు, అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. టెంకాయ నిటారుగా లేచిన చోట పాయింట్. బండి వస్తుంది, రాత్రంతా దుమ్ము. మూడు వందల అడుగులు, ఐదు వందలు, ఎనిమిది వందలు. అడుగు అడుగుకీ మీటరు తిరుగుతూనే ఉంటుంది, గొయ్యి పక్కన నిలబడ్డ మనిషి మాత్రం "ఇంకో యాభై అడుగులు వెయ్" అంటాడు. తెల్లారేసరికి వట్టి పొడి. మూడు నెలలకు భార్య కమ్మలు కుదువ పెట్టి ఇంకో పాయింట్ పెట్టిస్తాడు. ఊళ్లో ఎవరైనా తప్పు పడతారా? "పాపం, నీళ్లు పడలేదు" అంటారు.

అదే మనిషి అంతే డబ్బుతో నూనె మిషన్ తెచ్చి నష్టపోయాడనుకోండి. "వాడికెందుకబ్బా ఆ పనులు, చేను చేసుకోక" అంటారు. పోయిన డబ్బు రెండుసార్లూ ఒకటే. మా నాన్న నాలుగు బోర్లు వేసినా మంచి రైతే. మా చిన్నాన్న ఒక్క షాపు పెట్టి మూసేశాడు, ఇప్పటికీ పెళ్లిళ్లలో ఆయన్ని ఆటపట్టిస్తారు.

జొన్నగిరి_చూపు (తుగ్గలి)

బోరుబావి అన్నా, తొలకరి పడగానే మా ఊరి చేలల్లోకి వచ్చి చూడు. ఎక్కడెక్కడి నుంచో సద్దికట్టుకుని వచ్చి వజ్రాలు వెతుకుతుంటారు. వజ్రకరూరు దగ్గర కూడా అంతే. వీళ్లకు రిస్కంటే భయమని ఎవరన్నారు 😀

కువైట్_కడప (రాయచోటి, ప్రస్తుతం కువైట్)

మా పక్క సంగతి కూడా కలుపుకోండి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, ఏజెంటు చేతిలో పెట్టి, భాష రాని దేశంలో ముక్కూమొహం తెలియని సేటు దగ్గర పనికి వచ్చినవాళ్లం మేము. దీన్ని ఎవరూ రిస్క్ అనరు, పైగా ఇంట్లో పండగ చేసి పంపుతారు. ఎందుకంటే ముందు వెళ్లినవాళ్లు ఊళ్లో మేడలు కట్టారు, అవి కళ్లకు కనిపిస్తున్నాయి. ఓడిపోయి తిరిగొచ్చినవాడు నోరు తెరవడు కాబట్టి లెక్కలోకి రాడు. వ్యాపారంలో ఇది తిరగబడుతుంది. మూసేసిన షాపుకు షట్టర్ కనిపిస్తుంది, రోజూ దాని ముందు నుంచే బస్టాండుకు పోవాలి.

సేటు_గద్దె (ప్రొద్దుటూరు)

అందరూ భయం గురించే మాట్లాడుతున్నారు, నేర్చుకోవడం గురించి చెప్తాను. మాది బంగారం వ్యాపారం చేసే ఇల్లు. మా ఇళ్లల్లో పిల్లోడు బడి నుంచి వచ్చి అంగట్లో కూర్చుంటాడు. కొనే ఆడమనిషి ధర అడిగి చేతిలో నగ ఎన్నిసార్లు తిప్పి చూసింది, కూడా వచ్చిన అత్త ముఖం ఎలా ఉంది, ఇవన్నీ పదేళ్లకే తెలిసిపోతాయి. ఏ ఎంబీఏలోనూ ఇది నేర్పరు. ఒకడు దెబ్బతిన్నాడంటే హోల్‌సేల్ ఆయన పాత బాకీ పక్కన పెట్టి మళ్లీ సరుకిస్తాడు, కాగితం ఉండదు, మాటే. వ్యాపారం చేసే ఇళ్లల్లో పుట్టినవాడికి ఇది సంస్కృతి అని కూడా తెలియదు. మిగతావాళ్లకు అదే లోటు. దేశానికంతా కలిపి ఒక మార్కు వేస్తే ఈ తేడా ఎక్కడికి పోయింది?

ఉగ్గాని_సెంటర్ (ఆదోని)

గద్దె అన్న ఇంకొంచెం ముందుకు పోయి ఉంటే బాగుండేది, నేను పోతాను. మాది ఎస్సీ కాలనీ. ఉగ్గాని, బజ్జి, ఇడ్లీ నా వ్యాపారం. మెయిన్ రోడ్డులో గది బాడుగకు అడిగితే మొదటి ప్రశ్న "టిఫిన్ సెంటరా, మంచిదే", రెండోది "మీదే ఊరు, ఏ వీధి". వీధి చెప్పగానే గది వాళ్ల తమ్ముడికి కావాల్సి వచ్చేది. ఇట్లా నలుగురి తమ్ముళ్లకు గదులు కావాల్సి వచ్చాయి. చివరికి మార్కెట్ యార్డు వైపు, పత్తి లారీలు ఆగే చోట బండి పెట్టాను. ఆకలిగా ఉన్న డ్రైవర్లు వీధి అడగరు.

నాకు ధైర్యం లేదా? ఉంది. పనితనం లేదా? పొద్దున పదకొండుకల్లా గిన్నెలు ఖాళీ. మీ గద్దె దగ్గర మాట మీద సరుకిచ్చే హోల్‌సేల్ ఆయన నాకు మాత్రం నగదు ఇస్తేనే బొరుగుల మూట దించుతాడు. అందుకే జాతీయ సంస్కృతి అనగానే ఎవరి సంస్కృతి అని అడగాలనిపిస్తుంది. పుణెలో 2005లో దళిత పారిశ్రామికవేత్తల చాంబర్ పెట్టుకున్నది ఊరికే కాదు. 2016లో వచ్చిన స్టాండప్ ఇండియా పథకం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు అంది. మంచిదే. కానీ 10 లక్షలంటే నా బండికి పెద్ద మాట, బండి నుంచి గదికి పోవడానికి కావాల్సింది మధ్యలో ఎక్కడో ఉంటుంది.

సేటు_గద్దె (ప్రొద్దుటూరు)

కాదనడానికి ఏమీ లేదు తమ్ముడూ. మాట మీద సరుకిచ్చేది మాట తెలిసినవాడికే. ఆ తెలియడం పుట్టుకతో వస్తున్నప్పుడు బయటవాడికి తలుపు మూసినట్టే.

వేదిక_నిర్వాహకుడు

కులం గురించి మాట్లాడొచ్చు, ఇప్పటిదాకా మర్యాదగానే సాగింది. ఒక సామాజికవర్గాన్ని పట్టుకుని తిడుతూ వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. నాయకుల పేర్లు కూడా వద్దు.

లెక్కల_మాస్టారు (అనంతపురం)

ఈ ప్రశ్న మీద ఒక ప్రయోగం మన తెలుగు నేల మీదే జరిగిందని చాలామందికి తెలియదు. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1964లో కాకినాడ చిన్న వ్యాపారులను ఎంచుకుని, హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో కొద్ది రోజులు శిక్షణ ఇప్పించాడు. ఇప్పుడు ఎన్‌ఐ-ఎంఎస్‌ఎంఈ అంటున్న సంస్థే అది, అప్పట్లో సియెట్ అనేవారు. లక్ష్యం ఎలా పెట్టుకోవాలి, ఫలితాన్ని ఎలా కొలుచుకోవాలి, ఇట్లాంటివి నేర్పారు. ఆ తర్వాత శిక్షణ తీసుకోనివాళ్లతో పోల్చి చూస్తే, తీసుకున్నవాళ్లు పెట్టుబడి పెట్టడంలో, కొత్త పని మొదలెట్టడంలో ముందున్నారు.

మన చర్చకు పనికొచ్చేది ఆ తర్వాతి మాట. పాత ఆచారాలు, పూజలు, పంచెకట్టు పాటించేవాళ్లు ఈ విషయంలో వెనకబడలేదు. అంటే సంప్రదాయం దానంతటదే అడ్డం కాలేదు. మరి జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1904-05లో మతానికీ పెట్టుబడిదారీకీ ముడిపెట్టి రాసినప్పటి నుంచీ "ఫలానా మతంవాళ్లు, ఫలానా దేశంవాళ్లు వ్యాపారానికి పనికిరారు" అనే మాట తిరుగుతూనే ఉంది. కాకినాడ దానికి చిన్న జవాబు. ఒక్క ఊరి ప్రయోగంతో దేశాన్ని తేల్చేయలేం, అది వేరే సంగతి.

హమమత్సు_నుంచి (స్వస్థలం జమ్మలమడుగు)

ఆ 92 మార్కుల జపాన్‌లోనే ఉంటున్నాను కాబట్టి రెండు మాటలు. బెరుకు నిజమే. ఆఫీసులో చిన్న నిర్ణయానికి కూడా అందరి ముద్రలూ పడాలి. పెద్ద కంపెనీ వదిలేసి సొంతంగా ఏదో పెట్టుకుంటానంటే పెళ్లి సంబంధాలు తగ్గుతాయి, మన దగ్గరలాగే. కానీ ఇదే దేశంలో నూరేళ్లు దాటిన వ్యాపారాలు వేలల్లో ఉన్నాయి. బెరుకు ఎక్కువైతే మొదలుపెట్టడం తగ్గుతుందేమో గానీ, మొదలైనదాన్ని తరతరాలు కాపాడుకోవడం పెరుగుతుంది. మార్కుల పట్టికలో ఇది కనిపించదు.

ఇంకోటి, మనవాళ్లు ఆశ్చర్యపోయేది. నేనుండే ఊరు సుజుకీ వాళ్లది. ఆ కంపెనీని దశాబ్దాల పాటు నడిపిన ఒసాము సుజుకీ నిజానికి ఇల్లరికపు అల్లుడు. ఆయన అసలు ఇంటిపేరు మత్సుదా, బ్యాంకులో ఉద్యోగం. 1958లో వ్యవస్థాపకుడి మనవరాలిని పెళ్లి చేసుకుని, ఇంటిపేరు మార్చుకుని కంపెనీలో చేరాడు. 1978లో అధ్యక్షుడయ్యాడు. 1982లో మారుతీతో ఒప్పందానికి ముందుకొచ్చింది ఆయనే, ఏడాది తిరిగేసరికి మారుతీ 800 రోడ్డెక్కింది. 2024 డిసెంబరులో పోయాడు. కొడుకు పనికిరాకపోయినా, అసలు లేకపోయినా, సమర్థుడైన అల్లుణ్ని తెచ్చి సంస్థ అప్పగించడం ఇక్కడ గౌరవమైన పద్ధతి. మన దగ్గర ఇల్లరికం అంటే ఎన్ని ఎకసెక్కాలో మీకు తెలుసు. మనం కొడుకు కోసమే ఫ్యాక్టరీ అంటాం, కొడుకేమో అమెరికా పోతాడు, ఫ్యాక్టరీకి తాళం.

నాపరాయి (బేతంచర్ల)

తాళం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. జపాన్‌లో దివాలా తీస్తే ఏమవుతుంది? మన దగ్గర ఐపీ పెట్టాడంటే మనిషి అయిపోయినట్టే కదా.

హమమత్సు_నుంచి

ఇక్కడా అంతేనన్నా. చిన్న కంపెనీ అప్పుకు బ్యాంకు యజమాని సొంత పూచీ రాయించుకునేది. కంపెనీ పోతే ఇల్లు కూడా పోయేది. దీనివల్లే కొత్తవాళ్లు ముందుకు రావడం లేదని గుర్తించి, 2014లో వ్యక్తిగత పూచీ మీద మార్గదర్శకాలు తెచ్చారు. జర్మనీవాళ్లు దివాలా తీసిన మనిషి అప్పుల నుంచి బయటపడే గడువును 2020లో ఆరేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించారు. అమెరికాలో దివాలా చట్టం కాస్త మెతక, అక్కడ రెండోసారి కంపెనీ పెట్టడం మామూలు సంగతి. సంస్కృతి అని మనం అనుకునేదాంట్లో సగం చట్టమే ఏమో అనిపిస్తుంది నాకు.

లెక్కల_మాస్టారు (అనంతపురం)

ఇది అసలైన మాట. మన దగ్గర 2016లో దివాలా స్మృతి వచ్చింది, పెద్ద కంపెనీల మీద పనిచేస్తోంది. 2019 డిసెంబరు నుంచి కంపెనీ అప్పులకు సొంత పూచీ ఇచ్చినవాళ్లనూ అందులోకి తెచ్చారు. కానీ సొంత పేరుతో షాపు, మిల్లు, గానుగ పెట్టుకున్న మామూలు మనిషి ఐపీ పెట్టాలంటే అతనికి దిక్కు ఇప్పటికీ 1920 నాటి చట్టమే. కోర్టులో ఏళ్లు పడుతుంది. ఈలోగా అప్పులవాళ్లు ఇంటికొస్తారు. పేపర్లో "ఐపీ పెట్టి పరారైన వ్యాపారి" అని వస్తుంది, నిజంగా నష్టపోయినవాడూ, ముంచి పోయినవాడూ ఒకే శీర్షిక కింద. తుంగభద్ర_గట్టు వాళ్ల నాన్న భయపడేది గానుగకు కాదు, ఆ శీర్షికకు.

బోరుబావి (కదిరి దగ్గర పల్లె)

బోరు ఎండిపోతే ఐపీ శీర్షిక రాదు. సరిగ్గా చెప్పారు.

పొదుపు_అక్క (ఓర్వకల్లు)

ఇంతసేపూ మగపిల్లలే మాట్లాడుకుంటున్నారు, మా ఊరి సంగతి ఎవరైనా ఎత్తుతారేమోనని చూశాను. మా మండలంలో 90ల నుంచే పొదుపు సంఘాలు నడుస్తున్నాయి. దేశం నలుమూలల నుంచి చూసిపోవడానికి వచ్చేవాళ్లు. మొదట్లో వారానికి ఇన్ని రూపాయలని దాచినవాళ్లు తర్వాత గేదెలు, కుట్టుమిషన్లు, కిరాణా అంగళ్లు పెట్టుకున్నారు.

మా దగ్గర నష్టం వస్తే ఏమవుతుందో చెప్తాను వినండి. గేదె చచ్చిపోయిందనుకో, సంఘంలో పది మంది కూర్చుని మాట్లాడతాం. ఈ నెల కంతు ఎవరు సర్దాలి, ఇన్సూరెన్స్ కాగితం ఎవరు రాయించాలి, ఆమెకు ఎన్ని నెలలు గడువు ఇవ్వాలి. అరుపులూ ఉంటాయి, "నువ్వు మేత సరిగ్గా వేయలేదు" అనే పంచాయితీ కూడా ఉంటుంది. అయినా అప్పు పది మందిది, పరువు కూడా పది మందిది. ఒక్కదాన్ని వీధిలో నిలబెట్టరు. భర్తలు మొదట్లో వద్దన్నారు, మీటింగుకు పోతే అన్నం ఎవరు వండుతారన్నారు. అప్పు ఆడవాళ్ల పేరు మీదే వస్తుందని తెలిశాక వాళ్లే స్కూటర్ మీద దింపిపోయారు! ఈ ఊరి సంస్కృతి మారిందా అంటే, డబ్బు వచ్చే దారి మారింది, సంస్కృతి దాని వెనకాల వచ్చింది.

చెడు కూడా చెప్పాలి. చాలా ఇళ్లల్లో సంతకం ఆమెది, డబ్బు ఆయనది. అప్పు తీర్చేటప్పుడు మళ్లీ ఆమెదే.

కువైట్_కడప

అక్కా, ఆఖరి మాట గుండెలో గుచ్చుకుంది. మా ఇంట్లోనూ అంతే.

నాపరాయి (బేతంచర్ల)

అక్క చెప్పినట్టు డబ్బు దారి మారితే అన్నీ మారతాయి, నేను మొదట అన్నదీ అదే. 2006 చట్టం ప్రకారం చిన్న పరిశ్రమ సరుకు కొన్నవాడు 45 రోజుల్లో డబ్బు కట్టాలి. ఫిర్యాదుకు 2017లో సమాధాన్ పోర్టల్ వచ్చింది. నేను ఫిర్యాదు చేయొచ్చు. చేస్తే ఆ బిల్డర్ మళ్లీ నా గేటు తొక్కడు, పక్క ఫ్యాక్టరీకి పోతాడు. గడువులో కట్టకపోతే ఆ ఖర్చు అదే ఏడాది లెక్కలో చూపించుకోవడానికి లేదని ఆదాయపు పన్నులో ఒక క్లాజు కలిపాక మాత్రం ఒకరిద్దరు మార్చి నెలలో బాకీ తీర్చారు. ఒకాయన "నీకు ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఎందుకు, లేనివాళ్ల దగ్గరే కొంటా" అన్నాడు. పెద్దవాడిని చిన్నవాడు నిలదీయకూడదు అనేది మనకు అలవాటైపోయింది. మాస్టారూ, దీనికేమైనా మార్కులు ఉన్నాయా?

లెక్కల_మాస్టారు

ఉన్నాయి. పైవాడికీ కిందవాడికీ మధ్య దూరాన్ని జనం ఎంత సహజంగా ఒప్పుకుంటారన్న దానికి మనకు 77, అమెరికాకు 40. ఈ ఒక్క మార్కుతో మాత్రం నాకు పేచీ లేదు. ఏ ఆఫీసుకు పోయినా కుర్చీ ఎవరికి వేస్తారో చూస్తే చాలు.

ఉగ్గాని_సెంటర్ (ఆదోని)

కొప్పర్తి, ఓర్వకల్లు పారిశ్రామిక కేంద్రాలకు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. పెనుకొండ దగ్గర కియా 2019 నుంచి కార్లు చేస్తోంది. ఇవి వస్తే ఉద్యోగాలొస్తాయి, కాదనను. కానీ ఫ్యాక్టరీ గేటు ముందు టిఫిన్ బండి ఎవరు పెట్టాలి, లోపల క్యాంటీన్ కాంట్రాక్టు ఎవరికి పోతుంది, అది కూడా మార్కులు చూసే తేలుతుందా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

అందరికీ థాంక్స్. మాస్టారు ఆ శీర్షిక మాట రాశాక నాన్నతో మళ్లీ కూర్చున్నాను. గానుగ గురించి ఒక్క మాట అనలేదాయన. "పొలం పాసుపుస్తకం బ్యాంకులో పెడతావా?" అని అడిగాడు. పెట్టను అంటే, "మరి ష్యూరిటీ సంతకం ఎవరిది?" మామ ఫోన్ చేసింది కూడా అందుకే అనుకుంటా, ఆయన్ని అడుగుతానేమోనని. నాకిప్పుడు రెండు సందేహాలు. పాసుపుస్తకం లేకుండా అప్పు దొరుకుతుందా? మొదట ఏ సైజు మిషన్‌తో మొదలుపెట్టాలి?

లెక్కల_మాస్టారు

ముద్ర అప్పు 10 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇవ్వాలి. ఆహార పరిశ్రమ కాబట్టి 2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. ముందు పరిశ్రమల కేంద్రంలో గడువు, అర్హత కనుక్కో. మేనేజర్ పాసుపుస్తకం అడిగితే కాగితం మీద రాసివ్వమను. రాసివ్వడానికి చాలామంది జంకుతారు.

పొదుపు_అక్క

మీ అమ్మ సంఘంలో ఉందా? ఉంటే మొదటి లక్ష అక్కడే అడుగు. అయితే సంతకం ఆమెది, గానుగ లెక్కల పుస్తకం కూడా ఆమె చేతిలోనే పెట్టాలి.

నాపరాయి

కొత్త మిషన్ కొనొద్దు. ఆదోనిలో మూసేసిన మిల్లుల సామాను అమ్మకానికి వస్తుంటుంది, నేను కనుక్కుంటా. నూటికి నలభై కిలోల నూనె కూడా రాదు చెక్కగానుగలో, మిగతాదంతా నూనె తీసిన వేరుశనగ పిండే. ఆ పిండి ఎవరికి అమ్ముతావో ముందు చూసుకో, గానుగ నిలబడేది దాని మీదే.

బోరుబావి

పిండి మా పాలకేంద్రం వాళ్లు తీసుకుంటారు. ధర నేను మాట్లాడతా. శనగలు కదిరి రకమే పెట్టుకో, నగదు ఇవ్వాలి మరి 😀